మీటింగు ఎక్కడని అడిగావుగా

చి. నానికి,


"మానేద్దామనుకుంటున్నా పెద్దమ్మా, ఎక్కడికెళ్ళాలో తెలీట్లేదు" అన్నావు ఫోన్లో. ఇన్నేళ్ళు డీఅడిక్షన్ వార్డులో సిస్టరుగా చేశాను. ఆ మాట తమంతట తాము అన్నవాళ్ళని చూసింది తక్కువ. చాలామందిని పెళ్ళామో తల్లో లాక్కొచ్చేవారు. నువ్వు నీ నోటితో అడిగావు, అందుకే కూర్చుని వివరంగా రాస్తున్నాను.

ముందు డాక్టరు, తరవాత మీటింగు. ఈ వరస తప్పొద్దు. పొద్దున్నే చేతులు వణుకుతున్నాయనీ, ఒక పెగ్గు పడితేగానీ తగ్గట్లేదనీ చెప్పావు. ఆ స్థితిలో ఉన్నవాడు పంతానికి పోయి ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మూడో రోజుకి లేని మనుషులు కనపడవచ్చు, గోడల మీద పురుగులు పాకుతున్నట్టు అనిపించవచ్చు. అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆస్పత్రిలో అయితే వణుకు తగ్గడానికి మాత్రలు, బి1 విటమిన్ ఇంజక్షన్లు ఇచ్చి కొద్ది రోజుల్లో గట్టెక్కిస్తారు. నువ్వుండేది హైదరాబాదులోనే, ఎర్రగడ్డ ఆస్పత్రి ఉంది. జనం దాన్ని పిచ్చాసుపత్రి అంటారని జంకకు. అన్నంలో తెలియకుండా కలిపిపెట్టే పొడి ఏదో ఉందట అని మీ అమ్మ అడిగింది. వద్దే వద్దన్నాను. అందులో ఏముందో తెలీదు. కొన్ని మందులు పడ్డాక మనిషి తాగితే గుండె మీదికి వస్తుంది.

ఇక మీటింగు సంగతి. ఏఏ అని మావాళ్ళంతా పిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టిందే ఇలాంటి వెతుకులాటలోంచి. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్ళో, బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి బేరం చెడిపోయి హోటల్లో ఒంటరిగా మిగిలాడు. తాగుడు మానేసి కొన్ని నెలలే అయింది. లాబీలో ఒక పక్క బారు, మరో పక్క ఫోను. బారులోకి వెళ్ళకుండా ఊళ్ళోని చర్చిలకి ఫోన్లు చేసి, తనలాంటి తాగుబోతు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్. ఆయన పావుగంట కూర్చుందామని వచ్చి గంటలకొద్దీ ఉండిపోయాడు. తాగే మనిషి మాట తాగి మానినవాడికి అర్థమైనట్టు డాక్టరుకీ అర్థం కాదు, నర్సుకీ అర్థం కాదు. వార్డులో ఏళ్ళ తరబడి చూసి చెబుతున్నాను.

నువ్వూ అలాగే ఫోను తియ్యి. ఆస్పత్రిలో డీఅడిక్షన్ కౌన్సెలర్ని అడిగితే దగ్గర్లో ఏ రోజు, ఎన్నింటికి మీటింగో చెబుతారు. 14446 డీఅడిక్షన్ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు. రాత్రిపూట మనసు అదుపు తప్పుతుంటే 14416కి చెయ్యి, అది టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు. కనుక్కునేటప్పుడు రెండు విషయాలు అడుగు. మీటింగు ఏ భాషలో జరుగుతుంది? ఓపెనా, క్లోజ్‌డా? ఓపెన్ మీటింగుకి ఇంట్లోవాళ్ళూ రావచ్చు, క్లోజ్‌డ్ తాగుడు సమస్య ఉన్నవాళ్ళకే. ఆఫీసులో ఇంగ్లీషు ఎంత దంచినా, అమ్మ దగ్గర చెప్పలేనిది చెప్పుకోవాలంటే నీకు తెలుగే కావాలి. కాస్త దూరమైనా తెలుగులో జరిగేదానికే వెళ్ళు.

అక్కడ పెద్ద హంగేమీ ఉండదు. ఏ స్కూలు గదో, చర్చి హాలో. కుర్చీలు గుండ్రంగా వేసుంటాయి, గోడకి తాగుడు మానే దారిలో ఏఏ చెప్పే పన్నెండు మెట్ల చార్టు, ఓ మూల టీ ఫ్లాస్కు. ఒక్కొక్కరూ పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి తమ కథ చెబుతారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు. నువ్వు మాట్లాడకపోయినా ఏమీ అనుకోరు. చివర్లో విరాళాల సంచి తిరుగుతుంది, కొత్తవాడివి వెయ్యక్కర్లేదు. ఫీజు లేదు. ఇంటిపేరు అడగరు, అక్కడ విన్నది బయటికి రానివ్వకూడదన్నది వాళ్ళ నియమం. ఆఫీసులో తెలుస్తుందన్న భయం పెట్టుకోకు. దేవుడి ప్రస్తావన వస్తుంది. నీకు నమ్మకం లేదని తెలుసు, ఆ కాస్తసేపు ఊరుకో చాలు.

మొదటి మీటింగు నచ్చకపోవచ్చు. అందరూ పెద్దవాళ్ళే కనిపించవచ్చు, ఒకాయన చెప్పిందే చెప్పవచ్చు. ఒక్కదానితో తీర్పు చెప్పెయ్యకు. ఇంకో గ్రూపు, ఇంకో గ్రూపు చూడు. ఎవరి మాట విన్నప్పుడు "ఇది నా సంగతే" అనిపిస్తుందో ఆ గదికే మళ్ళీ మళ్ళీ వెళ్ళు, ఆ మనిషి నంబరు తీసుకో. సాయంత్రం నాలుక పీకుతున్నప్పుడు ఫోన్ చెయ్యాల్సింది ఆయనకే, నాకు కాదు. కోడలికి ఆల్‌అనాన్ గురించి చెప్పు. అది తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళు కలుసుకునే చోటు. ఇన్నాళ్ళూ సీసాలు వెతికి, నీ తరఫున ఆఫీసుకి అబద్ధాలు చెప్పి అలిసిపోయింది ఆ పిల్ల.

చేరడానికి వాళ్ళడిగే అర్హత ఒక్కటే, మానాలన్న కోరిక. పూర్తిగా మానేశాక తలెత్తుకుని వెళ్దామని ఆగకు. ముందురోజు తాగినా సరే, వెళ్ళి వెనక కుర్చీలో కూర్చో. రేపు సెలవు పెట్టి డాక్టరుకి చూపించుకో, ఆయన సరేనన్న వారంలోనే మీటింగుకి వెళ్ళు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ