పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ: ముందు ఎన్ఓసీ సంగతి తేల్చుకోండి

మాదాపూర్, గచ్చిబౌలి వైపు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ మాట ఎత్తేవాళ్లు రెండు రకాలు. చుట్టుపక్కల ఇంజినీరింగ్, డిగ్రీ, పాలిటెక్నిక్ కాలేజీల్లో పాఠాలు చెబుతూ ప్రమోషన్ కోసం చూస్తున్న లెక్చరర్లు కొందరు. ఐటీలో పది పదిహేనేళ్లు చేసి, ఇక చాలనుకుని బోధన వైపు చూస్తున్నవాళ్లు మరికొందరు. ఇద్దరూ ముందు అడిగేది సీటు ఎక్కడ దొరుకుతుందనే. సెంట్రల్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ, ఉర్దూ యూనివర్సిటీ (మనూ) గచ్చిబౌలి చుట్టూనే ఉన్నాయి. కూకట్‌పల్లిలో జేఎన్‌టీయూ ఉంది. కానీ అసలు చిక్కు మీ ఆఫీసులోనే.

2022 నవంబరులో వచ్చిన యూజీసీ నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని ఒప్పుకుంటూనే పనిచేసే చోటు నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్ఓసీ) అడుగుతున్నాయి. ‘మాకు అభ్యంతరం లేదు’ అని హెచ్ఆర్ ఒక్క ముక్క రాసిస్తే చాలదు. మిమ్మల్ని పార్ట్‌టైమ్‌గా చదువుకోనిస్తున్నామని, మీ ఉద్యోగ బాధ్యతలు పరిశోధనకు తగిన సమయం మిగులుస్తాయని, అవసరమైతే కోర్స్‌వర్క్ కోసం మిమ్మల్ని డ్యూటీ నుంచి రిలీవ్ చేస్తామని ఆ ఉత్తరంలో ఉండాలి. మూడోదాని దగ్గరే మేనేజర్లు వెనక్కి తగ్గుతారు. కాబట్టి ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక పరుగెత్తకుండా, అప్లికేషన్ నింపకముందే డ్రాఫ్ట్ మీరే రాసి వాళ్ల ముందు పెట్టండి. కంపెనీ డేటా వాడాలనుకుంటే దానికి విడిగా రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఆమోదం పొందిన థీసిస్ శోధ్‌గంగ ఆన్‌లైన్ భాండాగారంలో అందరికీ కనిపిస్తుందని మరిచిపోవద్దు.

గైడ్ విషయంలో పేరు చూసి పడిపోకండి. రిటైర్మెంటుకు మూడేళ్లలోపు ఉన్న అధ్యాపకులు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. ప్రొఫెసర్‌కు ఎనిమిది మంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురు అన్నది పరిమితి. ఖాళీ ఉందో లేదో నేరుగా అడగడంలో తప్పులేదు. గడువు కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండు. మహిళలకు ఇంకో రెండేళ్ల వెసులుబాటుంది. ఉద్యోగం చేస్తూ మూడేళ్లలో ముగిస్తానని ఇంట్లో మాట ఇవ్వకండి.

ఇక టాపిక్. లెక్చరర్లు దూరపు కొండల మీద మోజుతో, తమ కాలేజీలోనే కళ్లెదుట ఉన్న ప్రశ్నను వదిలేస్తున్నారనిపిస్తుంది. ఒక్క ఉదాహరణ చూడండి. పాలిసెట్ రాసి డిప్లొమా చేసిన పిల్లలు ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వస్తారు. చేతిపనిలో ముందుంటారు, చాలామంది మ్యాథ్స్ దగ్గర తడబడతారు. ఏ సెమిస్టర్‌లో జారిపోతున్నారు, ఎలాంటి తోడ్పాటుతో నిలబడుతున్నారు? మార్కుల రిజిస్టర్లు మీ ఎగ్జామ్ బ్రాంచిలోనే ఉన్నాయి. ప్రిన్సిపాల్ అనుమతి తీసుకుని, పేర్లు తీసేసి విశ్లేషిస్తే అది నిజమైన పరిశోధన. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీల సారథులను తయారుచేయడానికే విడిగా డాక్టరేట్ కోర్సులున్నాయి. సొంత కాలేజీ సమస్యనే అంశంగా తీసుకోవడం అక్కడ మామూలే. మన దగ్గర ఇలాంటి అంశం చెబితే ‘ఇదేం టాపిక్’ అనే డిపార్ట్‌మెంట్లూ ఉన్నాయి. అప్పుడు మేనేజ్‌మెంట్ లేదా ఎడ్యుకేషన్ విభాగంలో గైడ్‌ను వెతకండి.

పీహెచ్‌డీ రాగానే ప్రిన్సిపాల్ కుర్చీ రాదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్‌కు డాక్టరేట్‌తోపాటు ప్రొఫెసర్ లేదా అసోసియేట్ ప్రొఫెసర్ హోదా, 15 ఏళ్ల అనుభవం, కనీసం పది పరిశోధన వ్యాసాలు కావాలి. ఈలోగా అందరూ తప్పించుకునే పనులు మీరు అడిగి తీసుకోండి: న్యాక్ ఫైళ్లు, ఐక్యూఏసీ, టైమ్‌టేబుల్, పరీక్షల నిర్వహణ. కాలేజీ డబ్బు ఎటు పోతుందో, ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందో అక్కడే తెలుస్తుంది. ఏ సెమినార్‌లోనూ ఇది నేర్పరు.

ఐటీవాళ్లకు మరో దారి ఉంది. సీనియర్ హోదాలో 15 ఏళ్ల అనుభవం ఉంటే పీహెచ్‌డీ లేకపోయినా ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌గా తీసుకోవచ్చని యూజీసీ 2022లో మార్గదర్శకాలిచ్చింది. అది నాలుగేళ్లు మించని తాత్కాలిక నియామకం, పర్మనెంట్ పోస్టు కాదు. అటానమస్ కాలేజీల బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పరిశ్రమ ప్రతినిధికి ఒక స్థానం ఉంటుంది. సిలబస్ ఎలా తయారవుతుందో చూడాలంటే ముందు అక్కడ కూర్చోండి. ఉద్యోగం మానక్కర్లేదు.

చివరగా, విదేశీ వర్సిటీ పేరుతో ఇంట్లో కూర్చుని డాక్టరేట్ అంటూ వచ్చే ప్రకటనలు. ఎడ్‌టెక్ కంపెనీలు విదేశీ సంస్థలతో కలిసి ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ 2022 అక్టోబరులోనే స్పష్టం చేశాయి. దయచేసి వాటికి ఒక్క రూపాయి కూడా కట్టకండి.