బిడ్డల విక్రయము - దాని నివారణకై జరిగిన కృషి

మనుష్యులను అమ్ముటయు కొనుటయు పూర్వకాలపు దురాచారమనియు, బానిస వ్యాపారముతోడనే అది అంతరించినదనియు మన విద్యార్థులలో పలువురు తలంచుచున్నారు. అది అంతరింపలేదు. నాటి సంకెళ్లకు మారుగా నేడు అప్పు కాగితము, రైలు టిక్కెట్టు, పెండ్లి మాట, పట్టణములో పని యిప్పింతునను వాగ్దానము వచ్చినవి. తేబడువారిలో పసివారు అనేకులు.

మొదట ధర్మశాస్త్రము ఏమనుచున్నదో తెలిసికొందము. ఐక్యరాజ్య సమితి 2000 సంవత్సరమున ఆమోదించిన ఒడంబడికను మన దేశము 2011లో ధ్రువపరచినది. దాని ప్రకారము పెద్దల విషయమున మోసమో, బలాత్కారమో, బెదిరింపో జరిగినట్లు చూపవలెను. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డ విషయమున అది అక్కరలేదు. శ్రమనైనను శరీరమునైనను దోచుకొను తలంపుతో బిడ్డను చేరదీసినను, తరలించినను, దాచియుంచినను నేరమే. "పిల్ల తానే యిష్టపడి వచ్చినది" అని చెప్పి తప్పించుకొనుటకు వీలులేదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోని 143వ సెక్షను ఇట్టివారికి పదేండ్లకు తక్కువ కాని కఠిన కారాగారమును, యావజ్జీవ శిక్షను సైతము విధించుచున్నది.

ఈ చట్టములు రాకముందే పనికి పూనుకొన్నవారి చరిత్ర మన మిషను పాఠశాలల పిల్లలు తప్పక తెలిసికొనదగినది. ఐర్లండు దేశమున 1867లో జన్మించిన ఎమీ కార్మైకేల్ దొరసాని 1895లో మన దేశమునకు వచ్చి, తిరునల్వేలి సీమలో గ్రామములు తిరుగుచు సువార్తపని చేయుచుండెను. 1901 మార్చి నెలలో ఏడేండ్ల బాలిక యొకతె దేవదాసీల యింటినుండి పారిపోయి ఆమె చెంత చేరెను. ఆ పిల్ల అంతకు ముందొకసారి తప్పించుకొని తూత్తుకుడిలోనున్న కన్నతల్లి యొద్దకే పోయియుండెను. తల్లి భయపడి బిడ్డను మరల వారికే అప్పగించెను. శిక్షగా ఆ పసిచేతులకు వాతలు పెట్టిరి.

ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపవలెను. బిడ్డను వెనుకకు పంపినది పగవారు కారు, తల్లియే. ఆమె కఠినురాలని నేను తలంపను. పేదరికము, దేవుని శాపమను భయము, కులపెద్దల భయము ఆమెను అట్లు చేయించియుండవచ్చును. ఈనాటికిని అనేక సందర్భములలో బిడ్డను మోసగాని చేతిలో పెట్టువారు అపరిచితులు కారు; మేనమామయో, పొరుగింటి అత్తయో, ఊరి మేస్త్రీయో అయియుందురు. రెండవసారి పారిపోయినప్పుడు ఆ బాలిక యదృష్టమున ఒక క్రైస్తవ స్త్రీ కంటబడెను. కార్మైకేల్ దొరసాని ఆమె మాటను నమ్మెను. దేవాలయములకు బిడ్డల నర్పించు పద్ధతిని గూర్చి పెద్దలెవ్వరును నోరు విప్పని సంగతులను ఆమె ఆ చిన్నదాని వలననే మొదట తెలిసికొనెను.

తరువాత ఒక్కొక్క బిడ్డయే వచ్చి చేరగా దోహ్నావూరులో గృహము వెలసెను. గ్రామముల తిరుగుట మాని పసిపాపలకు పాలుపట్టుచు కూర్చుండుట మిషనరీ పనియేనా యని కొందరు ఆక్షేపించిరి. న్యాయస్థానములును ఆమెకు అనుకూలముగా లేకుండెను. ఒక బాలికను తల్లికి అప్పగింపవలెనని 1911లో తీర్పు వచ్చెను. ఆపదలోనున్న బిడ్డను ఎవరికి అప్పగింపవలెనను ప్రశ్నలో ఆ తీర్పు తల్లి పక్షమే వహించెను. 1918 నుండి మగపిల్లలను కూడ చేర్చుకొనిరి. 1951లో మరణించువరకు ఆమె దోహ్నావూరు విడువలేదు.

ఈ కృషి మిషనరీల సొత్తు మాత్రమే యనుకొనరాదు. దేవదాసీ కుటుంబమున పుట్టిన తల్లికి కుమార్తెయైన డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు మద్రాసు శాసనమండలిలో ఈ యాచారమును నిషేధింపవలెనని పోరాడిరి. ఆశ్రయము కోరివచ్చిన బాలికలకొరకు 1930లో అవ్వై గృహమును స్థాపించిరి. 1947లో చట్టము వచ్చెను. అప్పుడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రమున నుండుటచే అది మనకును వర్తించెను. అయినను జోగినులు, మాతమ్మలు, బసివినులు అను పేళ్లతో ఆచారము నిలిచియే యుండెను. జాషువా కవిగారి కుమార్తె హేమలతా లవణంగారు నిజామాబాదు జిల్లాలో జోగినుల నడుమ పనిచేసి, వర్నిలో చెల్లి నిలయమును నెలకొల్పిరి. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రత్యేక చట్టము చేసెను.

ఇక మన కాలపు మాట. 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీలోని గాజుల కార్ఖానాలనుండి రెండువందలకు పైగా బాలురను పోలీసులు విడిపించిరి. వారు బీహారునుండి తేబడినవారు. ఇంటివారికి కొంత సొమ్ము ముందుగా ముట్టజెప్పి దళారులు తోడితెచ్చిరి. గాలి వెలుతురు లేని గదులలో వారు లక్కగాజులకు రాళ్లు అతుకుచుండిరి. పండుగకు మన యిండ్లలో గాజులు కొనునపుడు ఈ సంగతి తలంపునకు వచ్చుట మంచిది.

విడిపించుట పనిలో సగము కూడ కాదని నా యభిప్రాయము. 1996లో హైదరాబాదున మెహబూబ్‌కీ మెహందీ యను వేశ్యావాటికను ఖాళీ చేయించినప్పుడు అచ్చటి స్త్రీలు నిలువనీడ లేనివారైరి. సునీతా కృష్ణన్ గారును, కతోలిక సహోదరుడైన జోస్ వెట్టికాటిల్ గారును అచ్చటనే, ఖాళీయైన యొక యింటిలో, ఆ స్త్రీల పిల్లలకు బడి పెట్టిరి. తల్లి బ్రతుకు బిడ్డకు రాకుండునట్లు చేయుటయే వారి మొదటి యుద్దేశము. ప్రజ్వల యను సంస్థ అట్లు ఆరంభమైనది. తప్పించి తేబడిన బాలికలకు అప్పడములు, కుట్టుపనులు మాత్రమే కాక వెల్డింగు, వడ్రంగము వంటి పనులు కూడ ఆ సంస్థ నేర్పినది. ఆడపిల్లకు ఆ పనులేల యని అడుగువారు కలరు. మంచి కూలి వచ్చు చేతిపని యున్నవారిని మరల మభ్యపెట్టుట కష్టమనుటయే జవాబు. ఇంతకంటె కష్టమైనది ఊరివారి చూపు. బాధింపబడిన బిడ్డను "చెడిన పిల్ల" యని పిలిచిన గ్రామము ఆ పిల్లను రెండవసారి అమ్మినట్లే.

ఉపాధ్యాయులకు వేసవి సెలవుల తరువాతి హాజరుపట్టీ ముఖ్యమైన సాధనము. పేరు పిలిచినప్పుడు పలుకని పిల్ల "అత్తగారి యూరికి పోయినది" అని తోటివారు చెప్పినచో, ఆ సాయంకాలమే ఆ యింటికి పోయి విచారింపవలెను. నెల గడచిన పిమ్మట విచారించుట వలన ప్రయోజనము తక్కువ. తలిదండ్రులారా, పట్టణమున పనియనియు చదువనియు ఎవరైనను బిడ్డను తోడుకొని పోదుమన్నచో ఆ చిరునామాకు మీరే స్వయముగా పోయి చూడక పంపవలదు.

1098 అను టెలిఫోను సంఖ్య 1996లో ముంబయిలో టాటా సామాజిక శాస్త్ర సంస్థ పూనికతో మొదలై, 2023 నుండి ప్రభుత్వ యాజమాన్యమున నడుచుచున్నది. రాత్రింబవళ్లు పనిచేయును, రుసుము లేదు. రైలులో గాని, బస్సు నిలయమున గాని భయపడుచున్న బిడ్డను, పొంతనలేని జవాబులు చెప్పు పెద్దను చూచినచో వారితో కలహమునకు దిగక, రైలు పేరు, పెట్టె సంఖ్య, రాబోవు స్టేషను ఆ సంఖ్యకు తెలుపవలెను. దొరకిన బిడ్డను ప్రయాణకాలము గాక 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితి యెదుట హాజరు పరుపవలెనని 2015 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ సమితివారు బిడ్డనే పిలిచి, ఏమి జరిగినదో ఆ నోటనే విందురు.