సలెర్నో కాన్పు వైద్యం, ఫ్లోరెన్స్ ఎడ్ల యంత్రం

మధ్యయుగ ఐరోపాలో స్త్రీల వైద్యానికి పేరుమోసిన గ్రంథం 'ట్రోటులా'. నిజానికి ఇది 12వ శతాబ్దపు ఇటలీ నగరం సలెర్నోకు చెందిన మూడు రచనల సంకలనం. వాటిలో ఒకటి ట్రోటా అనే వైద్యురాలి చికిత్సల ఆధారంగా వచ్చింది. కాన్పులో చిరిగిన చోటును పట్టుదారంతో కుట్టాలని అందులో ఉంది. ఎంత ముందడుగో!

ఇక వైద్యం నుంచి యంత్రాలకు వస్తే, పునరుజ్జీవన కాలపు ఫ్లోరెన్స్‌లో కెథడ్రల్ గోపురాన్ని (1420-36) కట్టిన బ్రూనెలెస్కీ, బరువులెత్తడానికి ఎడ్లు తిప్పే యంత్రం చేశాడు. ఎడ్లు ఒకే దిక్కున నడుస్తుంటాయి. పళ్లచక్రం మారిస్తే చాలు, పైకెళ్లే బరువు కిందికి దిగుతుంది. కన్నవారు వదిలేసిన పసికందుల కోసం 1445లో తెరుచుకున్న ఇన్నోచెంటీ ఆశ్రయానికి 1419లో రూపకల్పన చేసిందీ ఆయనే.