విహార నౌకలో భోజనానికి కోటు వేసుకోవాలా?



విహార నౌక అంటే ఒక రేవు నుంచి మరో రేవుకు మనుషులను చేరవేసే ఓడ మాత్రమే కాదు. అది నీటి మీద తిరిగే పెద్ద హోటల్. అందులో పడక గదులు, ఈత కొలను, నాటకశాల, దుకాణాలు, చిన్న ఆసుపత్రి కూడా ఉంటాయి. చాలా పెద్ద ఓడల్లో ప్రయాణికులే ఐదు వేల మందికి పైగా ఉంటారు. వారికి సేవ చేసేవారు రెండు వేల మంది. మన విశాఖపట్నం రేవుకు కూడా 2022 జూన్‌లో కార్డేలియా సంస్థ వారి 'ఎంప్రెస్' అనే ఓడ వచ్చి, ప్రయాణికులను పుదుచ్చేరి, చెన్నైల వైపు తీసుకువెళ్ళింది. 2023లో అక్కడ ప్రత్యేకంగా క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది.

ఇది మనకెందుకు అని అడగవచ్చు. మన హాస్టళ్లలో చదివి హోటల్ మేనేజ్‌మెంట్ కోర్సు చేసిన పిల్లలు కొందరు ఈ ఓడల్లో ఉద్యోగాలకు వెళుతున్నారు. ఆ పాఠాలు చెప్పే వాడిని కాబట్టి, వారికి తరగతిలో చెప్పే ఒక అంశాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో మీ ముందు పెడుతున్నాను. ఓడలోని భోజనశాలకు వచ్చేవారు ఫలానా బట్టలే వేసుకోవాలి అనే నియమం ఉండాలా, వద్దా? ఈ విషయం మీద ప్రయాణికులు ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నారు. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, లోపలికి వెళితే చిన్నది కాదు.

భోజనాల ఏర్పాటు

ఓడలో తినడానికి చాలా చోట్లు ఉంటాయి. అన్నిటికన్నా పెద్దది ప్రధాన భోజనశాల. పాత పద్ధతిలో అక్కడ రాత్రి భోజనం రెండు బంతులుగా నడుస్తుంది. మొదటి బంతి సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో, రెండో బంతి ఎనిమిది దాటాక. ప్రయాణం పూర్తయ్యే వరకూ మీకు ఒకే బల్ల, అదే వెయిటరు, అతనికి ఒక సహాయకుడు. బల్ల దగ్గర ముక్కూ ముఖం తెలియని వారు ఆరుగురో ఎనిమిది మందో కలిసి కూర్చుంటారు. పై అంతస్తులో బఫే ఉంటుంది. పళ్లెం పట్టుకుని ఎవరికి కావలసింది వారు వడ్డించుకుంటారు. అక్కడ ఒంటి మీద చొక్కా, కాలికి చెప్పులు ఉంటే చాలు. ఈ రెండిటి ఖర్చూ టికెట్టులోనే కలిసి ఉంటుంది. ఇంకా అదనంగా డబ్బు కట్టి తినే రెస్టారెంట్లు కొన్ని ఉంటాయి. దుస్తుల గొడవ ఎక్కువగా ప్రధాన భోజనశాల దగ్గరే.

ఆచారం ఎక్కడిది?

విమానాలు రాకముందు యూరప్ నుంచి అమెరికాకు ఓడలే గతి. ఆ ఓడల్లో తరగతులు ఉండేవి. 1912లో మునిగిపోయిన టైటానిక్‌నే చూడండి. మొదటి తరగతి వారి భోజనశాల పై అంతస్తులలో ఉంటే, మూడో తరగతి వారిది ఇంకా రెండు అంతస్తుల కింద ఉండేది. మొదటి తరగతి వారు రాత్రి భోజనానికి ప్రత్యేకంగా బట్టలు మార్చుకుని వచ్చేవారు. మూడో తరగతి వారికి అసలు పెద్ద భోజనం మధ్యాహ్నమే. సాయంత్రం టీతో పాటు పెట్టేది తేలికపాటి ఫలహారం. కోటు వేసుకోవాలనే నియమం వారికి అక్కర్లేదు. కోటు వేసుకున్నా ఆ పై గదిలోకి రానివ్వరు.

ఇంగ్లండులో పెద్ద కుటుంబాల మగవారు వేసుకునే నల్ల డిన్నర్ జాకెట్, నల్ల బో టై ఓడలకు కూడా ఎక్కాయి. దానినే అమెరికా వారు న్యూయార్క్ దగ్గరి టక్సీడో పార్క్ అనే ఊరి పేరు మీద టక్సీడో అంటారు. 1958 తర్వాత జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలయ్యాక ఓడల వ్యాపారం దెబ్బతింది. అప్పుడు విహారం కోసమే ఓడలు నడిపే సంస్థలు బలపడ్డాయి. 1968లో రాయల్ కరీబియన్, 1972లో కార్నివాల్ పుట్టాయి. వీరు భోజనశాలలో తరగతులు తీసేశారు కానీ, అలంకరించుకుని భోజనానికి వచ్చే 'ఫార్మల్ నైట్'ను మాత్రం ఉంచుకున్నారు. ఒక విధంగా, ఆ ఒక్క రాత్రికి ఓడలో అందరూ మొదటి తరగతి వారే అన్నమాట. కెప్టెన్ విందు, ఫొటోలు అన్నీ ఆ రోజే. ఆ ఫొటోలు అమ్మితే ఓడ వారికి వచ్చే రాబడి కూడా తక్కువేమీ కాదు లెండి.

ఇప్పుడు ఎవరి పద్ధతి ఏమిటి?

ఒక కొసన బ్రిటిష్ సంస్థ క్యూనార్డ్ ఉంది. 2004 నుంచి నడుస్తున్న వారి 'క్వీన్ మేరీ 2' ఓడలో సాయంత్రం ఆరు దాటితే ఎక్కువ చోట్ల చక్కటి దుస్తులు ఉండాలి. ఇంగ్లండులోని సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు ఏడు రాత్రుల ప్రయాణంలో సాధారణంగా రెండు 'గాలా' రాత్రులు ఉంటాయి. ఆ రోజుల్లో మగవారికి టక్సీడో లేదా ముదురు రంగు సూటు, ఆడవారికి పొడవాటి గౌను వంటివి. తమ తమ దేశాల సంప్రదాయ దుస్తులకూ అనుమతి ఉంది. అవి వద్దనుకునే వారికి బఫే, మరికొన్ని చోట్లు విడిగా ఉంచారు.

రెండో కొసన 2021లో ప్రయాణికులతో తిరగడం మొదలుపెట్టిన వర్జిన్ వాయేజెస్ ఉంది. అక్కడ ఫార్మల్ నైట్ లేదు, అసలు ప్రధాన భోజనశాలే లేదు. వారికన్నా చాలా ముందు, 2000 సంవత్సరంలోనే, నార్వీజియన్ సంస్థ 'ఫ్రీస్టైల్' అనే పేరుతో బంతులనూ బట్టల పట్టింపునూ సడలించింది. మిగిలిన సంస్థలు మధ్యలో ఊగిసలాడుతున్నాయి. సెలబ్రిటీ సంస్థ 2015లో ఫార్మల్ నైట్ పేరు తీసేసి 'ఈవెనింగ్ చిక్' అంది. కార్నివాల్ వారిది 'క్రూయిజ్ ఎలిగెంట్'. ఓషియానియా వారిది 'కంట్రీ క్లబ్ క్యాజువల్'. ఈ పేర్ల సంగతికి మళ్లీ వస్తాను.

రెండు పక్షాల మాట

నియమం ఉండాలనే వారు చెప్పేది ఇది. పండగకు కొత్త బట్ట కట్టుకుంటే పండగలా ఉంటుంది. ఏడాదంతా డబ్బు కూడబెట్టి వచ్చిన వారికి ఆ విందు ఒక జ్ఞాపకం. పక్కవాడు ఈత కొలను నుంచి తడి నిక్కరుతో వచ్చి కూర్చుంటే ఆ జ్ఞాపకం చెడుతుంది. టికెట్టు కొనేటప్పుడే నియమం రాసి ఉంది, ఇష్టం లేనివారు వేరే ఓడ ఎక్కవచ్చు, లేదా పై అంతస్తులో తినవచ్చు. మరో మాట కూడా అంటారు, అది ఆలోచించదగ్గది. అందరూ నల్ల కోటు వేసుకుంటే రిటైరైన బడిపంతులెవరో, కంపెనీ యజమాని ఎవరో తెలియదు కదా అని.

వద్దనే వారి మాట కూడా తీసిపారేసేది కాదు. మేం సెలవులకు వచ్చాం, ఆఫీసుకు కాదు. విమానంలో పెట్టెకు 23 కిలోలే అంటారు, ఒకటి రెండు రాత్రుల కోసం సూటు, బూట్లు మోయాలా? కరీబియన్ ఎండలో మెడకు టై బిగించుకోవాలా? అందరి దగ్గరా డబ్బు తీసుకున్నప్పుడు పెద్ద గదిలో బల్ల దగ్గరికి తెచ్చి వడ్డించే భోజనం కొందరికే ఎందుకు? కోటు అందరినీ సమానం చేస్తుందనేది కూడా ఒట్టి మాట అంటారు. కోటు కుట్టు చూసి, బూటు తోలు చూసి మనిషి స్థాయిని అంచనా వేసేవారు అక్కడ చాలామంది. క్వీన్ మేరీ 2లో ఎక్కువ ఖరీదు గదుల వారికి ఈనాటికీ వేరే భోజనశాలలు ఉన్నాయి. గదిని బట్టి బల్ల. కోటు ఆ గోడను కూల్చలేదు.

నా ఉద్దేశంలో ఈ వాదనలో వద్దనే వారిదే కొంచెం పైచేయి. వెయిటరును చిటికె వేసి పిలిచేవాడు టక్సీడో వేసుకున్నా మర్యాదస్తుడు కాడు. అయినా, నియమం తీసేస్తే సమస్య పోతుందని వారు అనుకుంటారు చూడండి, అక్కడ నాకు వారితో పేచీ ఉంది.

తెలియని వాడి భయం

1888లో మోహన్‌దాస్ గాంధీ అనే కుర్రవాడు బొంబాయిలో ఓడ ఎక్కి లండన్‌కు చదువుకు బయలుదేరాడు. అప్పటికి అతనికి పందొమ్మిదేళ్లు నిండలేదు. కత్తీ ముళ్లగరిటే పట్టుకోవడం రాదు. ఏ వంటకంలో మాంసం ఉందో అడగడానికి సిగ్గు. అందుకని భోజనాల బల్ల దగ్గరికి పోకుండా, ఎక్కువగా తన గదిలోనే వెంట తెచ్చుకున్న మిఠాయిలు, పండ్లు తిని కాలం గడిపాడు. ఓడలో నల్ల సూటు వేసుకుని, దిగేటప్పుడు బాగుంటుందని తెల్ల ఫ్లానెల్ బట్టలు దాచుకున్నాడు. తీరా దిగి చూస్తే అంతమందిలో తెల్లబట్టల వాడు తనొక్కడే. ఈ సంగతులు ఆయనే ఆత్మకథలో చెప్పుకున్నారు. 1931లో ఇంగ్లండు రాజు ముందుకు కొల్లాయితో, శాలువాతో నిలబడిన మనిషి కూడా ఆయనే. కానీ ఆ ధైర్యం రావడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. మొదటిసారి ఓడ ఎక్కిన కుర్రవాడి దగ్గర ఆ ధైర్యం ఉండదు.

ఇప్పుడు ఆ కొత్త పేర్లను చూడండి. 'నల్ల కోటు, నల్ల టై' అని రాస్తే కొత్తవాడికి కష్టమే, కానీ అర్థమవుతుంది. కొంటాడో, అద్దెకు తెచ్చుకుంటాడో, మానేస్తాడో నిర్ణయించుకుంటాడు. 'కంట్రీ క్లబ్ క్యాజువల్' అంటే ఏమిటి? కంట్రీ క్లబ్ గేటు చూడని వాడికి అది ఎలా తెలుస్తుంది? 'ఈవెనింగ్ చిక్' అంటే ఇస్త్రీ చొక్కా చాలా, కోటు కావాలా? ఆ సంస్థలు వివరంగా పట్టికలు ఇస్తున్న మాట నిజమే. అయినా అలవాటున్న వాడు పట్టిక చూడకుండానే సరిగ్గా తయారై వస్తాడు, అలవాటు లేనివాడు పట్టిక రెండుసార్లు చదివినా గుమ్మం దగ్గర తన చొక్కా వంక చూసుకుంటాడు. రాసి ఉన్న కఠిన నియమం కన్నా, రాయకుండా అందరికీ తెలుసనుకునే మెత్తటి నియమమే బయటివాడిని ఎక్కువ బాధిస్తుంది. ఇంటర్వ్యూలకు వెళ్లిన మన అన్నలకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మన కొలబద్ద

బట్టల నియమం మన వాళ్లకు కొత్త కాదు. మన తాతల కాలంలో ఎన్నో ఊళ్లలో పెద్దల వీధిలోంచి పోవాలంటే చెప్పులు చేత పట్టుకోవాలి, భుజం మీది కండువా దించాలి. ఏది కట్టుకోవాలి అని కాదు, ఏది కట్టుకోకూడదు అని ఆ నియమం. అందుకే మన హాస్టల్ గోడ మీది పటంలో అంబేద్కర్ గారి నీలం కోటు ఉత్త పరదేశీ అనుకరణ కాదు. కోటంటే దాస్యం అని కొట్టిపారేసే వారితో నేను ఏకీభవించను. అలాగని కోటే మర్యాద అనే వారితోనూ కాదు. 2014లో చెన్నైలో పంచె కట్టుకుని వచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని ఒక క్లబ్బు లోపలికి రానివ్వలేదు. తమిళనాడు ప్రభుత్వం అదే సంవత్సరం అటువంటి అడ్డంకులను నిషేధిస్తూ చట్టం చేయవలసి వచ్చింది.

కాబట్టి ఏ దుస్తుల నియమాన్నయినా నేను మూడు ప్రశ్నలతో కొలుస్తాను. ఆ బట్ట ఎవరిస్తారు? నియమం అందరికీ అర్థమయ్యేలా ఉందా? అది లేనివాడికి అదే తిండి మరోచోట దొరుకుతుందా? మన యూనిఫాంనే చూడండి. కొలతలు ఒకరివి, చొక్కా మరొకరిది అన్నట్టు ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ అది ప్రభుత్వమే ఇస్తుంది, నీలం లాగు అంటే నీలం లాగే. ఉతుక్కోలేదని వార్డెన్ గారు కసురుతారే తప్ప ఎవరికీ అన్నం ఆగదు. ఓడల సంగతి వేరు. క్యూనార్డ్ నియమం రెండో ప్రశ్నకు బాగానే నిలబడుతుంది, మొదటిదానికి నిలబడదు. బఫే ఉంది కాబట్టి మూడోదానికి సగం మార్కులు. కొన్ని ఓడల్లో విందు రాత్రి ప్రత్యేక వంటకాలు పెద్ద గదిలోనే వడ్డిస్తారు మరి.

గుమ్మం దగ్గర నిలబడేవారు

ప్రయాణికుల వాదనల్లో సాధారణంగా కనిపించని మనిషి ఒకరున్నారు. నిక్కరుతో వచ్చిన ఆసామిని ఆపవలసిన ఉద్యోగి. నియమం రాసినది ఎక్కడో ఉన్న కార్యాలయం. కాదని చెప్పవలసినది భారతదేశం నుంచో ఫిలిప్పీన్స్ నుంచో వచ్చిన చిన్న ఉద్యోగి. ఆపితే ఆ ప్రయాణికుడికి కోపం, వదిలేస్తే లోపల కోటు వేసుకుని కూర్చున్నవారికి కోపం. ప్రయాణం చివర ఇద్దరూ అభిప్రాయ పత్రం నింపుతారు. పైవారు చూసేది ఆ పత్రాలనే. ఆ ఉద్యోగి యూనిఫాం గురించి మాత్రం ఎవరూ అభిప్రాయం అడగరు. పని అయ్యాక అతను తినేది కింది అంతస్తులోని మెస్సులో. సిబ్బందికి ఒకటి, అధికారులకు ఒకటి. అవును, తరగతులు అక్కడ ఇంకా ఉన్నాయి.

ఈ ఉద్యోగాలకు వెళ్లాలనుకునే వారికి ఒక్క మాట. ఓడ ఉద్యోగానికి సీడీసీ పుస్తకం, ప్రాథమిక భద్రతా శిక్షణ కావాలి. ఉద్యోగం చూపే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు లక్షలు అడిగేవాడికి రూపాయి కూడా ఇవ్వకండి. అలా తీసుకోవడం అంతర్జాతీయ నిబంధనలకే విరుద్ధం.

మా తరగతిలో ఈ గుమ్మం దగ్గరి సంభాషణను సాధన చేయిస్తాం. ఒకరు ప్రయాణికుడు, ఒకరు ఉద్యోగి. "మీరు లోపలికి రాకూడదు" అనే మాట వాడకూడదని షరతు. "సార్, పై అంతస్తులో ఈ పూట మంచి బల్ల ఒకటి ఖాళీగా ఉంది, నేను చూపిస్తాను రండి" అనాలి. వేళ్లతో చూపకూడదు, బట్టల వంక చూడకూడదు. మొన్న సాధనలో ఒక అబ్బాయి ప్రయాణికుడి పాత్రలో తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు. సంప్రదాయ దుస్తులు కదా, రానివ్వాలని సగం మంది. పట్టికలో పంచె పేరు లేదు కదా, పైవారిని అడగాలని మిగతా సగం. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.