చిన్న గ్రాంటు అడిగేటప్పుడు

సర్కారు బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టించాలని ఊళ్ళో నలుగురు పూనుకుంటారు. పని మంచిదని అందరూ ఒప్పుకుంటారు, అయినా దరఖాస్తు పక్కకు పోతుంది. చాలాసార్లు కారణం ఒకటే. ఏం కడతారు, ఎంతవుతుంది, కట్టాక ఎవరు చూసుకుంటారు అన్నది చదివేవారికి అందదు.

‘గ్రామీణ బాలికల సాధికారత’ అంటూ మొదలుపెట్టకండి. ‘మా బడిలో 140 మంది ఆడపిల్లలు, వాడకంలో ఉన్నవి రెండే మరుగుదొడ్లు, ఒకదానికి తలుపు లేదు’ అని రాయండి. స్వచ్ఛ విద్యాలయ మార్గదర్శకాల ప్రకారం 40 మందికి ఒకటి ఉండాలి. ఆ లెక్కన ఇంకో రెండు కావాలి. అక్కడికి అవసరం రుజువైపోయింది.

తర్వాత బడ్జెట్. దీని మీద ఒక సాయంత్రం పూర్తిగా కూర్చోండి. ‘నిర్మాణం, మొత్తం ఇంత’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎవరూ నమ్మరు. సెప్టిక్ ట్యాంకు తవ్వకం, ఇటుక, సిమెంటు, బేసిన్లు, తలుపులు, మేస్త్రీ కూలి విడివిడిగా రాసి, ఊరికి దగ్గరి దుకాణాల నుంచి తెచ్చిన కొటేషన్లు జతచేయండి. బోరు నుంచి పైపులైను, పైన నీళ్ళ ట్యాంకు మరిచిపోకండి. నీళ్ళు రాని మరుగుదొడ్డికి నెల తిరక్కుండా తాళం పడుతుంది. శుభ్రం చేసే మనిషి జీతం, ఫినాయిలు, చీపుర్లు ఏడాదికి ఎంతవుతాయో, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో కూడా రాయండి. బడి కమిటీ తీర్మానం, ప్రధానోపాధ్యాయుల సమ్మతి లేఖ వెనక పెట్టండి. ఊరివాళ్ళు ఇసుక తోలినా, శ్రమదానం చేసినా దానికీ విలువ కట్టి చూపించండి. ఊరు తన వంతు వేసిందని తెలిస్తే దాతకు ధైర్యం వస్తుంది.

ఇక ఎవరి డబ్బు తీసుకోవడానికి మీకు అర్హత ఉందో ముందే చూసుకోవాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) పనులు చేపట్టే సంస్థలు సీఎస్ఆర్-1 ఫారం దాఖలు చేసి నంబరు తెచ్చుకోవాలి. సొసైటీకైతే ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జి నమోదులు, ఆ తరహా పనుల్లో మూడేళ్ళ అనుభవం అడుగుతారు. నిన్న మొన్న పెట్టిన యువజన సంఘానికి అవి ఉండవు కాబట్టి, అర్హత ఉన్న పాత సంస్థ పేరున దరఖాస్తు చేయించి, క్షేత్రంలో మీరేం చేస్తారో అందులోనే రాయించండి.

అమెరికాలో స్థిరపడ్డ మన ఊరివాళ్ళు పంపే డబ్బు దగ్గర మరింత జాగ్రత్త కావాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. అక్కడ నమోదైన తెలుగు సంఘం పంపినా అంతే. ఆ డబ్బుకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ తప్పనిసరి. ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోనే అది పడాలి. 2020 సవరణ తర్వాత, అలా అందిన డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయడం కూడా కుదరదు. అందుకే విరాళం ఇస్తామన్న ఆత్మీయుణ్ణి పౌరసత్వం గురించి మొహమాటపడకుండా అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకుని ఫైల్లో పెట్టండి. ఇక్కడ పొరపాటు జరిగితే ఇబ్బందిపడేది సొసైటీ కార్యదర్శే.

గ్రాంటు మంజూరైతే దానికి విడిగా ఖాతా పుస్తకం పెట్టి, బిల్లులు ఏ రోజువి ఆ రోజే అంటించండి. పునాది, గోడలు, కప్పు ఒక్కో దశలో ఫొటోలు తీయండి. పని ఆలస్యమైతే గడువు దాటకముందే దాతకు ఉత్తరం రాయండి. దరఖాస్తు తిరస్కరిస్తే ఏం లోటు కనిపించిందో మర్యాదగా అడగండి, చెప్పేవాళ్ళు ఉంటారు. కొటేషన్లు పాతబడతాయి గనుక మళ్ళీ పంపే ముందు ధరలు సరిచూసుకోండి.