బయల్దేరకముందే పెనుకొండ దాటిన రైలు

ప్రాజెక్టు కోసం హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో పట్టాల దగ్గరి ఫ్రెండ్స్ ఇళ్లలో మూడు చిన్న బోర్డులు పెట్టి, రైలు అదురు నమోదు చేశాం. లాగ్ చూస్తే, హిందూపురంలో బయల్దేరకముందే రైలు పెనుకొండ దాటేసింది! తప్పు గడియారాలది. మా బోర్డుల్లో బ్యాటరీ గడియారం లేదు, నెట్టూ లేదు. కరెంటు పోయొస్తే ఆగినచోటి నుంచే లెక్క మొదలెడతాయి.

ఒక్కోదానికి జీపీఎస్ రిసీవర్ తగిలించాం. సీరియల్‌లో వచ్చే ఎన్ఎంఈఏ వాక్యం ఇది ఏ సెకనో చెబుతుంది, కాస్త ఆలస్యంగా. పీపీఎస్ పల్సు సెకను ఎప్పుడు మొదలైందో కచ్చితంగా చెబుతుంది, అది ఏ సెకనో చెప్పదు. క్రోనీలో రెండింటినీ జతచేయాలి. నెట్‌వర్క్‌కి అనుమతిస్తే పక్క కంప్యూటర్లూ ఆ బోర్డునే టైం అడుగుతాయి.

ఇప్పుడు రైలు వరసగానే నడుస్తోంది. ఒక్కమాట: యాంటెన్నాకి ఆకాశం కనబడాలి. గదిలో పెట్టి మేం ఒక పూట పోగొట్టుకున్నాం.