కారు ఏసీ నుండి గాలి రాకపోతే ఏం చూడాలి?



ఎండకాలంలో మన జగిత్యాల జిల్లాలో ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరడం మనకు కొత్త కాదు. మెట్‌పల్లి నుండి నిజామాబాద్‌కో, హైదరాబాద్‌కో కిరాయి కారు నడిపే డ్రైవరన్నకు అటువంటప్పుడు ఏసీ పోతే ఆ రోజు కిరాయి పోయినట్లే. ఏసీ పోయిందనగానే చాలామంది "గ్యాస్ అయిపోయింది, నింపియ్యి" అంటారు. కాని గాలే రానప్పుడు గ్యాస్ నింపిస్తే డబ్బులు పోతాయి గాని గాలి రాదు. ఎందుకో తెలుసుకుందాం.

ఏసీ చేసే రెండు పనులు

కారు ఏసీలో రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. ఒకటి చల్లబరచడం. ఇది ఇంజను దగ్గర ఉండే కంప్రెసర్, ముందు ఉండే కండెన్సర్, డ్యాష్‌బోర్డు లోపల ఉండే కూలింగ్ కాయిల్, వీటిలో తిరిగే గ్యాస్ కలిసి చేసే పని. రెండవది ఆ చల్లదనాన్ని మన దాకా తేవడం. ఇది బ్లోయర్ అనే ఫ్యాను పని. ఇది బ్యాటరీ కరెంటుతో నడుస్తుంది. దీనికి గ్యాస్‌తో సంబంధం లేదు.

కాబట్టి గాలి వస్తూ చల్లగా లేకపోతే మొదటి భాగాన్ని, గాలే రాకపోతే రెండవ భాగాన్ని ముందు చూడాలి.

పరీక్షించే వరుస

1. చెవితో వినాలి: తాళం ఆన్ చేసి, ఏసీ బటన్ నొక్కకుండా, బ్లోయర్ స్విచ్‌ను ఒక్కొక్క స్పీడుకు తిప్పాలి. మోటారు చప్పుడు వస్తూ గాలి రాకపోతే దారి మూసుకుపోయినట్లు. చప్పుడే లేకపోతే కరెంటు లోపమో, మోటారు లోపమో.

2. ఫిల్టర్ చూడాలి: చాలా కార్లలో ఇది ఎడమ సీటు ముందున్న అర వెనుక ఉంటుంది. మట్టి రోడ్ల దుమ్ము, పసుపు మార్కెట్ దుమ్ము పట్టి ఇది అట్టలా గట్టిపడుతుంది. దులిపినా పోకపోతే కొత్తది వేయాలి.

3. మంచు పట్టిందేమో చూడాలి: బయలుదేరినప్పుడు గాలి బాగా వచ్చి, గంట తర్వాత తగ్గిపోతే కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకట్టి ఉండవచ్చు. ఏసీ ఆపి, బ్లోయర్ మాత్రం ఇరవై నిమిషాలు నడపాలి. గాలి తిరిగి వస్తే కారణం అదే. థర్మోస్టాట్ పాడైనా, గ్యాస్ తగ్గినా, ఫిల్టర్ మూసుకున్నా ఇలా జరుగుతుంది. గాలి రాకపోవడానికి గ్యాస్ కారణమయ్యేది ఈ ఒక్క సందర్భంలోనే.

4. ఫ్యూజు, రిలే చూడాలి: ఫ్యూజు కాలితే అదే ఆంపియర్లది వేయాలి. రాగి తీగ చుట్టడం, పెద్ద ఫ్యూజు వేయడం చేయకూడదు. వైర్లు కాలి కారే తగలబడవచ్చు. కొత్తది కూడా వెంటనే కాలితే వైరు షార్ట్ అయినట్లు, లేదా మోటారు బిగుసుకున్నట్లు.

5. రెసిస్టర్ చూడాలి: గాలి చివరి స్పీడులో మాత్రమే వస్తే రెసిస్టర్ పోయినట్లే. తక్కువ స్పీడులకు కరెంటు దీని గుండా వెళ్తుంది, చివరి స్పీడుకు నేరుగా వెళ్తుంది. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో దీని బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది.

6. మోటారు చూడాలి: సాకెట్ ఊడదీసి, స్విచ్‌ను చివరి స్పీడులో ఉంచి, సాకెట్ రెండు పిన్నుల మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టాలి. బాగా వెలిగితే కరెంటు వస్తోంది, లోపం మోటారులో ఉంది. సాధారణంగా కార్బన్ బ్రష్‌లు అరిగిపోతాయి. వెలగకపోతే స్విచ్, వైర్లు, ఎర్త్ వెతకాలి.

మన పాఠం ఇక్కడే ఉంది

సాకెట్ నల్లబడి, కరిగి ఉండడం తరచుగా చూస్తాం. పదవ తరగతిలో చదివిన జౌల్ నియమం దీనికి జవాబు చెబుతుంది. బ్లోయర్‌కు 15 ఆంపియర్ల కరెంటు వెళ్తోందని, వదులైన పిన్ను వద్ద నిరోధం 0.2 ఓమ్‌లు ఉందని అనుకుందాం. అక్కడ పుట్టే వేడి 15 × 15 × 0.2 = 45 వాట్లు. సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లతోనే సీసాన్ని కరిగిస్తుంది! అందుకే సాకెట్ మార్చకుండా మోటారు ఒక్కటే మారిస్తే లోపం మళ్లీ వస్తుంది.

జాగ్రత్తలు

వైర్లు విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీయాలి. పరీక్షకు కరెంటు అవసరమైనప్పుడే తిరిగి కలపాలి. పసుపు రంగు సాకెట్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని ముట్టరాదు. గ్యాస్‌ను గాలిలోకి వదలరాదు. చాలా కార్లలో ఉండే ఆర్-134ఎ గ్యాస్ కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. వానకాలంలో అద్దం మీది ఆవిరి పోవడానికి కూడా బ్లోయరే కావాలి. కనుక ఎండలు పోయాయి కదా అని రిపేరు వాయిదా వేయకూడదు.

ముగింపు

మన ప్రాంతం నుండి ఎందరో అన్నలు గల్ఫ్ దేశాలకు డ్రైవర్లుగా, కూలీలుగా వెళ్తున్నారు. చేతిలో పని ఉన్నవాడికి అక్కడైనా, ఇక్కడైనా కూలి కంటే మంచి జీతం దొరుకుతుంది. పదవ తరగతి తర్వాత ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్, రెఫ్రిజిరేషన్ అండ్ ఏసీ టెక్నీషియన్ కోర్సులు రెండేళ్లవి ఉన్నాయి. వాటిలో చేరాలనుకునే మనం ఒక్క అలవాటు ఇప్పటి నుండే నేర్చుకోవాలి. ముందు పరీక్షించాలి, తర్వాతే సామాను మార్చాలి. చిన్న ఫ్యూజుతో పోయే దానికి వేల రూపాయల బిల్లు వేయని మెకానిక్ దగ్గరికే డ్రైవరన్న మళ్లీ వస్తాడు. మనం అటువంటి మెకానిక్‌లం కావాలని కోరుకుందాం.